కెమెరా బ్యాగ్ అని తెలియకూడదు, ట్రైపాడ్ మాత్రం పట్టాలి: భుజం బ్యాగ్ ఏది తీసుకోవాలి?

తోరణం_కింద (హనుమకొండ)

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే కానీ రాయడం తక్కువ. బ్యాగ్ విషయంలో సలహా కావాలి.

నా దగ్గరున్న సామాను: కెనాన్ 200డి మార్క్ 2, దానితో వచ్చిన 18-55 లెన్స్, ఇంకా 55-250, 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సులు. ఇవి కాక ఒక అల్యూమినియం ట్రైపాడ్. సాయంత్రాలు భద్రకాళి చెరువు బండ్ మీద, సెలవు రోజుల్లో ఖిలా వరంగల్‌లో, పండుగకు బతుకమ్మ దగ్గర తీస్తుంటాను. వీలు దొరికితే బస్సెక్కి రామప్ప, గణపురం కోటగుళ్లు. హైదరాబాద్ పోవాలంటే రైలు.

ఇప్పుడు వాడేది వీపు బ్యాగ్. దాని మీద కెమెరా కంపెనీ పేరు దూరం నుంచే చదవొచ్చు. బస్సెక్కి కూర్చోగానే పక్కాయన "ఎంత పడ్డది తమ్మీ కెమెరా?" అని మొదలుపెడతాడు. లెన్స్ మార్చాలంటే ప్రతిసారీ బ్యాగ్ కింద పెట్టాలి. జనంలో నిలబడితే వెనక ఎవరు జిప్ లాగుతున్నారో తెలియదు, అదో టెన్షన్.

అందుకే భుజానికి వేసుకునేది, చూడటానికి మామూలు ఆఫీస్ బ్యాగ్‌లా ఉండేది, ట్రైపాడ్ కూడా పట్టేది కావాలి. బడ్జెట్ 4,000. మరీ బాగుంటే 5,000 దాకా.

---

పాత_నికాన్ (కాజీపేట)

బ్యాగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ట్రైపాడ్ మడిచి, పైన కెమెరా బిగించే హెడ్‌తో సహా ఎంత పొడవుందో టేపు పెట్టి కొలిచి చెప్పు తమ్ముడూ.

---

మిర్చియార్డ్ (వరంగల్)

మా ఎనుమాముల మార్కెట్‌కు రా, మిర్చి బస్తా ఒకటి ఖాళీ చేసి ఇస్తా. అందులో పెట్టుకుని తిరుగు. కెమెరా అని ఎవరికీ తెలియదు, ఘాటుకు దొంగ కూడా దగ్గరికి రాడు.

---

తోరణం_కింద

మిర్చి అన్నా, సెన్సార్ కూడా తుమ్ముతుంది 😄

పాత నికాన్ సార్, కొలిచాను. 58 సెంటీమీటర్లు. బరువు కిలోన్నర. పాన్ హెడ్, పొడుగు హ్యాండిల్ ఉంటుంది కదా, ఆ రకం.

---

పాత_నికాన్

58 అయితే దాన్ని దాచే ఆఫీస్ రకం భుజం బ్యాగ్ నాకు తెలిసి ఏ కంపెనీ దగ్గరా లేదు. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపికగా చదువు.

ల్యాప్‌టాప్ పట్టే మెసెంజర్ బ్యాగ్ లోపలి వెడల్పు సాధారణంగా 35 నుంచి 40 సెం.మీ. ఉంటుంది. అంతకన్నా వెడల్పైతే నడుస్తున్నప్పుడు ముందు తొడకు, వెనక పక్కవాళ్లకు తగులుతుంది. కాబట్టి ట్రైపాడ్ లోపల పడాలంటే మడిచాక 40 లోపు ఉండాలి. కాళ్లు వెనక్కి తిరగబడి హెడ్ చుట్టూ మూసుకునే రకాలైతేనే అంతకు దిగుతాయి. ట్రావెల్ ట్రైపాడ్ పేరుతో అమ్మేవి చాలావరకు ఇవే. మాన్‌ఫ్రోటో బీఫ్రీ 40 సెం.మీ. దగ్గర ఉంటుంది. పీక్ డిజైన్ వాళ్లది 39.1 సెం.మీ.; అల్యూమినియంది 1.56 కిలోలు, కార్బన్‌ది 1.27. దాని ధర చూశాక బ్యాగ్ ఊసే ఎత్తవు, అది వేరే సంగతి. 30-35 సెం.మీ.కు మడిచేవీ ఉన్నాయి కానీ వాటి కాళ్లు ఐదేసి ముక్కలు, చివరి ముక్క పుల్లంత సన్నగా ఉంటుంది. బండ్ మీద గాలికి అది వణికితే నీ 10 సెకన్ల ఎక్స్‌పోజర్ (షట్టర్ తెరిచి ఉంచే సమయం) పాడైపోయినట్టే.

ఇంకో చిట్కా ఉంది. 36 వెడల్పు, 26 ఎత్తు ఉన్న బ్యాగ్‌లో మూల నుంచి మూలకు 44 సెం.మీ. వస్తుంది. అడ్డంగా పట్టని ట్రైపాడ్ ఐమూలగా పడుతుంది. కాకపోతే అది వెనక గోడకు ఆనుకుని 8 సెం.మీ. మందం మింగేస్తుంది. బ్యాగ్ మందం 15 అనుకుంటే మిగిలేది 7. అందులో 200డి పట్టదు, దాని గ్రిప్ ఒక్కటే అంత ఉంటుంది.

బాల్ హెడ్ (బంతి మీద అన్ని వైపులా తిరిగే హెడ్) ఉన్న ట్రైపాడ్ అయితే హెడ్ విప్పి పక్కన పెడితే పొడవు 8-10 సెం.మీ. తగ్గుతుంది. చాలావాటికి 3/8 అంగుళాల మరే. నీ పాన్ హెడ్ రకాల్లో చాలావాటికి హెడ్ విడిగా ఊడిరాదు. బలవంతంగా తిప్పకు, ప్లాస్టిక్ విరుగుతుంది.

---

లక్నవరం_లెన్స్ (ములుగు)

సార్ లెక్క అంతా కరెక్టే. నాకు వేరే అనుమానం. తమ్ముడూ, ఆ ట్రైపాడ్ ఎక్కడ విప్పుదామని?

ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి, రామప్ప మూడూ కేంద్ర పురావస్తు శాఖ కిందివి. చేత్తో పట్టుకుని ఎన్ని ఫోటోలైనా తీసుకో, ఎవరూ ఏమీ అనరు. ట్రైపాడ్ నిలబెట్టాలంటే మాత్రం ముందే అనుమతి తెచ్చుకోవాలి. బ్యాగ్‌లో కనపడకుండా లోపలికి తీసుకెళ్లి ఓ మూల విప్పుదామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. సెక్యూరిటీ ఆయనతో పేచీ నీ ఒక్కడికే కాదు, తర్వాత వచ్చే ప్రతి కెమెరావాడికీ తగులుకుంటుంది. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడ కళ్లు మరీ ఎక్కువయ్యాయి.

అయినా రామప్పలో ట్రైపాడ్ ఎందుకు? బయట మదనికల (నాట్య భంగిమల్లోని స్త్రీ శిల్పాల) మీద పొద్దున వెలుగు బాగా పడుతుంది. చీకటి ఉండేది లోపలి రంగమండపంలో, ఆ నల్లరాతి స్తంభాల మధ్య. అక్కడ ఐఎస్ఓ (సెన్సార్ వెలుతురును పట్టే సున్నితత్వం) 1600, 3200 పెట్టు, 18-55లో చేతి వణుకు తగ్గించే స్టెబిలైజర్ ఉంది, స్తంభానికి తగలకుండా నీ మోచేతులు ఒంటికి ఆనించి తీయి. 50 ఎంఎంకు వెలుతురు ఎక్కువ అందుతుంది కానీ నీ కెమెరా బాడీ మీద అది 80 ఎంఎంలా పనిచేస్తుంది, అంటే ఫ్రేములో తక్కువ దృశ్యమే పడుతుంది. మండపంలో వెనక్కి జరగడానికి చోటు చాలదు.

అంటే నువ్వు చెప్పిన చోట్లలో ట్రైపాడ్ పనికొచ్చేది బండ్ మీద. ఇటు వస్తే లక్నవరం, పాకాల చెరువు గట్ల మీద. మిగతా చోట్ల అది ఊరికే మోయడమే.

---

తోరణం_కింద

లోపలికి దొంగతనంగా తీసుకెళ్లే ఉద్దేశం లేదన్నా. కోటలో తోరణాలు సాయంత్రం పూట తీద్దామని మోసుకుపోయాను, గేటు దగ్గరే అడిగారు, వెనక్కి వచ్చి బండిలో పెట్టాను. కానీ బస్సులో వెళ్లినప్పుడు ఎక్కడ పెట్టాలి? రామప్ప చూసుకుని వచ్చేటప్పుడు చెరువు కట్ట మీద పొద్దుగూకేది తీయాలంటే ట్రైపాడ్ వెంట ఉండాలి కదా. లోపల బ్యాగ్ విప్పకుండా భుజానికే ఉంటే చాలు.

---

బొగ్గుబావి (గోదావరిఖని)

కెమెరా బ్యాగ్‌లా కనపడని కెమెరా బ్యాగుల్లో పేరున్నవి నాకు తెలిసినంతవరకు చెప్తాను.

డోమ్కే: 1970లలో ఫిలడెల్ఫియా పత్రికలో పనిచేసిన ఫోటోగ్రాఫర్ జిమ్ డోమ్కే తన పని కోసం తయారు చేసుకున్నది. కాన్వాస్ గుడ్డ, మెత్త చాలా తక్కువ. అందుకే తుంటికి అతుక్కుని ఉంటుంది, ఉబ్బుగా కనపడదు. వీటిలో మైనం పూసిన రకం కూడా వస్తుంది, మన ఎండలకు అది జిగటగా అవుతుంది, వద్దు.

థింక్ ట్యాంక్ రెట్రోస్పెక్టివ్: ఇదీ కాన్వాసే. మూత వెల్క్రో చప్పుడు కాకుండా మూసేసే గుడ్డ పట్టీలు ఉంటాయి. గుళ్లో, పెళ్లిలో ఆ బర్రుమనే శబ్దం లేకపోవడం ఎంత హాయో వాడినవాళ్లకే తెలుసు.

బిల్లింగ్‌హామ్: ఇంగ్లండ్ వాళ్లది. మొదట్లో చేపలు పట్టేవాళ్లకు సంచులు కుట్టేవారు. తోలు పట్టీలు, ఇత్తడి బకిల్స్. చూడముచ్చటగా ఉంటుంది, ధర మనది కాదు.

పీక్ డిజైన్ ఎవ్రీడే స్లింగ్, 10 లీటర్లది: అడుగున బయట పట్టీలు ఉంటాయి, ట్రావెల్ ట్రైపాడ్ కట్టుకోవచ్చు.

ఇవేవీ నీ బడ్జెట్‌లో రావు. ఇంకో మాట. బిల్లింగ్‌హామ్ ఏంటో దొంగకు తెలియదు, ఫోటోగ్రాఫర్లకే తెలుసు. నీ భయం దొంగతో అయితే 1,200 పెట్టి ఏ ఆఫీస్ మెసెంజర్ తీసుకున్నా అదే పని చేస్తుంది. లోపలికి మెత్తటి ఇన్సర్ట్ విడిగా కొనుక్కో. అరలు మార్చుకునేవి ఆన్‌లైన్‌లో బోలెడు. నేను డ్యూటీకి పోయే బ్యాగ్ అదే, టిఫిన్ డబ్బా తీసేస్తే కెమెరా బ్యాగ్.

---

జగిత్యాల_అక్క (జగిత్యాల)

బ్యాగ్ కథ బాగా నడుస్తోంది కానీ ఒక మాట అడ్డొస్తున్నందుకు ఏమనుకోవద్దు. మొదటి పోస్టులో బతుకమ్మ అని ఉంది, కెమెరా అని తెలియకూడదు అని కూడా ఉంది. ఈ రెండూ పక్కపక్కన చదివితే నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది తమ్ముడూ. ఎంగిలిపూల రోజు వేయి స్తంభాల గుడి దగ్గర ఎంత మంది ఆడవాళ్లుంటారో నీకు తెలుసు. అక్కడ కెమెరా దాచుకుని తిరిగేవాడి మీదే ముందు అనుమానం వస్తుంది, రావాలి కూడా. బ్యాగ్ దాచుకో, కెమెరా దాచకు. మెడలో వేసుకుని అందరికీ కనపడేలా నిలబడు, ఎదురుగా వెళ్లి అడుగు, తీశాక స్క్రీన్ మీద చూపించు. నేను ఆడదాన్నైనా అడగకుండా తీయను.

ఇక బ్యాగ్. ఎవరూ బరువు లెక్క వేయలేదు, నేను వేశాను. నీ కెమెరా బాడీ 449 గ్రాములు, 18-55 ఒక 215, 55-250 ఒక 375, ఫిఫ్టీ 160. కలిపితే 1,200 గ్రాములు. ట్రైపాడ్ కిలోన్నర. అంటే కెమెరా, లెన్సులు అన్నీ కలిపినా ట్రైపాడ్ బరువుకు రావట్లేదు! ఖాళీ బ్యాగ్ ఒక కిలో, నీళ్ల సీసా, పవర్ బ్యాంక్ వేసుకో. నాలుగు కిలోలు దాటింది, అదీ ఒక్క భుజం మీద. గంట తర్వాత మెడ పట్టేస్తుంది.

బస్సులో వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక పల్లె వెలుగులో సీటు దొరకడం గగనం. నిలబడే వెళ్లాలి. బ్యాగ్ పట్టీ మెడ మీదుగా ఏటవాలుగా వేసుకుని పొట్ట మీదకు తిప్పుకోవాలి. అడుగున పట్టీలకు ట్రైపాడ్ కట్టి ఉందనుకో, అది సరిగ్గా సీట్లో కూర్చున్నవాళ్ల మొహం ఎత్తుకు వస్తుంది. బొగ్గుబావి గారు చెప్పిన అడుగు పట్టీలు ఫోటోల్లో బాగుంటాయి, పరకాల బస్సులో బాగుండవు.

---

తోరణం_కింద

అక్కా, మీరు అన్నది నిజం, నేను రాసిన తీరుకు అలాగే అనిపిస్తుంది. నేను దాచాలనుకున్నది దారిలో, బస్సులో, రైల్లో. తీసేటప్పుడు కెమెరా మెడలోనే ఉంటుంది. బతుకమ్మ దగ్గర మా అమ్మ, పిన్ని పక్కనే ఉంటారు, వాళ్లే నన్ను అటూ ఇటూ తిప్పి తీయిస్తారు.

ట్రైపాడ్ బరువు లెక్క చూసి మాత్రం నోట మాట రాలేదు.

---

మిర్చియార్డ్

ఖద్దరు జోలె సంచి ఎవరూ చెప్పలేదేంటి? వరంగల్‌లో దాన్ని మించిన మారువేషం లేదు. లోపల కవిత్వం ఉందనుకుంటారు, కెమెరా ఉందని ఎవరికీ తట్టదు. కాకపోతే నాలుగు మీటింగులకు పిలుస్తారు.

---

కొత్తవాడ_నేత (వరంగల్)

మిర్చి అన్న ఎగతాళికి అన్నా అందులో విషయం ఉంది. నేను జంపఖానా గుడ్డతో బ్యాగ్ కుట్టించుకుని కెమెరాకు వాడుతున్నాను.

మా కొత్తవాడ జంపఖానాలు అందరికీ తెలిసినవే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. ఆ గుడ్డ మందం చూశారా, పడుగు కనపడకుండా పేక దగ్గరగా కొట్టి నేస్తారు. కాబట్టి సంచి కుట్టినా ముద్దలా కూలిపోదు, దానంతట అది నిలబడుతుంది. లోపల మెత్త తక్కువ వేసినా సరిపోతుంది. ఊళ్లో ఎవరు చూసినా చేనేత సంచి అనుకుంటారు, కెమెరా అనుకోరు.

కుట్టించేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం పట్టీ. భుజం పట్టీని బ్యాగ్ రెండు పక్కల గుడ్డకు కుట్టి వదిలేస్తే నాలుగు కిలోలకు కుట్టు ఊడుతుంది. పట్టీ ఒక పక్క నుంచి దిగి, అడుగు కింద నుంచి వెళ్లి, రెండో పక్క నుంచి పైకి రావాలి, మొత్తం ఒకే ముక్క. అప్పుడు బరువు మోసేది పట్టీ, గుడ్డ కాదు. కారు సీట్ బెల్ట్ పట్టీ దీనికి చక్కగా సరిపోతుంది, వెడల్పు దాదాపు 5 సెం.మీ., భుజానికి కోసుకోదు. సీటు కవర్లు కుట్టే షాపుల్లో అడిగితే ఇస్తారు.

రెండోది ట్రైపాడ్ చోటు. దాన్ని కెమెరా ఉన్న అరలో పెట్టొద్దు. బ్యాగ్ వెనక గోడకు, అంటే మన ఒంటికి తగిలే వైపు, అడ్డంగా పొడుగు జేబు ఒకటి కుట్టించాలి, ఒక చివర తెరిచి ఉండేలా. ట్రైపాడ్ పక్క నుంచి దూరుతుంది. 42 వెడల్పు పెడితే 40 ట్రైపాడ్ పూర్తిగా లోపలికి పోతుంది, బయటివాళ్లకు కనపడేది ముందున్న గుడ్డే. బరువైన వస్తువు ఒంటికి ఎంత దగ్గరుంటే భుజం లాగడం అంత తగ్గుతుంది, బ్యాగ్ ముందుకు తూలదు. తెరిచిన చివర ఒక చిన్న బకిల్ తప్పనిసరి, లేకపోతే బండి దిగేటప్పుడు ట్రైపాడ్ జారిపోతుంది.

లోపల లైనింగ్ రెయిన్‌కోట్ గుడ్డ. ఇన్సర్ట్ విడిగా, బయటికి తీసేలా ఉండాలి.

---

పాత_నికాన్

ఆలోచన బాగుంది నేతన్నా. కానీ నూలు గుడ్డ తడి పీల్చుకుంటుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా మన దగ్గర ఒక్కసారి తడిస్తే రెండు రోజులు ఆరదు. ఆ తేమలో లెన్స్ ఉంటే ఫంగస్ పట్టడానికి ఇంకేం కావాలి? నైలాన్ బ్యాగ్ అయితే తుడిస్తే అయిపోతుంది. పైగా తడిసిన జంపఖానా ఎంత బరువుంటుందో ఇంట్లో ఉతికినవాళ్లను అడుగు.

---

కొత్తవాడ_నేత

ఆ మాట ఒప్పుకుంటాను సార్. వానాకాలం నేను దాన్ని తీయను, లేదా మీద ప్లాస్టిక్ కవర్ వేస్తాను. ఇంటికి రాగానే ఇన్సర్ట్‌తో సహా లెన్సులు బయటికి తీసి, బిగుతు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్‌తో పెడతాను. అయినా ఏ బ్యాగ్‌లోనూ లెన్సులు నిల్వ ఉంచకూడదు. నైలాన్ బ్యాగ్ బయటి తడిని ఆపినట్టే లోపలి తేమనూ బయటికి పోనివ్వదు.

---

అడ్మిన్

గమనిక: ఒకరు ఇదే చర్చలో పాత బ్యాగ్ ధర, ఫోన్ నంబర్ పెట్టారు, తొలగించాను. అమ్మకాలకు వేరే విభాగం ఉంది. చర్చ కొనసాగించండి.

---

బాసర_బాట (నిర్మల్)

ట్రైపాడ్ పట్టే బ్యాగ్ కోసం ఇంత వెతుకుతున్నారు, ట్రైపాడ్ అవసరమే తగ్గించుకుంటే పోలా?

కెమెరా అడుగున ఉండేది 1/4 అంగుళాల మర. ఆ సైజు బోల్ట్ ఒకటి, దానికి మన ఎత్తు పొడవు తాడు. బోల్ట్ బిగించి, తాడు కొస కాలి కింద తొక్కి, కెమెరాను పైకి లాగి పట్టుకోవాలి. చెయ్యి పైకీ కిందికీ ఊగడం చాలా తగ్గుతుంది. గుళ్లోనూ దీనికి అభ్యంతరం ఉండదు, అది తాడే కదా. 1/8, 1/4 సెకన్ల వరకు పనికొస్తుంది, అంతకు మించి ఆశపడొద్దు.

రెండోది పెసల సంచి. గట్టి గుడ్డతో చిన్న సంచి కుట్టి ముప్పావు వంతు పెసలు నింపాలి. గోడ మీదో రాయి మీదో పెట్టి కెమెరా దాని మీద కుదిర్చి 2 సెకన్ల టైమర్‌తో తీయాలి. కుంటాల జలపాతం దగ్గర బండల మీద దీనితో అర సెకను, సెకను ఎక్స్‌పోజర్లు తీశాను, నీళ్లు నున్నగా వచ్చాయి. బస్సులో ఖాళీగా మోసుకెళ్లి, ఊళ్లో కిరాణా కొట్టులో పెసలు కొని నింపుకోవచ్చు. వచ్చేటప్పుడు ఇంటికి పప్పు.

పెసల సంచిని కోట రాళ్ల మీద, శిల్పాల మీద పెట్టకండి. నేల మీద పెట్టుకోండి.

---

లక్నవరం_లెన్స్

తాడు ఉపాయం బాగుంది. కానీ ఆయనకు కావాల్సింది బండ్ మీద 10 సెకన్లు, చెరువు మీద 30 సెకన్లు. అవి కాళ్లు లేకుండా రావు.

---

బొగ్గుబావి

ఒక ప్రశ్న. ట్రైపాడ్, కెమెరా ఒకే బ్యాగ్‌లో ఉండాలని రూల్ ఏముంది? యోగా చాప పెట్టుకునే గుడ్డ కవర్లు దొరుకుతాయి, ఉన్న 58 సెం.మీ. ట్రైపాడే అందులో పడుతుంది. ఒక భుజాన మామూలు ఆఫీస్ బ్యాగ్, ఇంకో భుజాన చాప. యోగా క్లాసుకు పోతున్నాడనుకుంటారు. కొత్త ట్రైపాడ్ ఖర్చు మిగిలింది.

---

జగిత్యాల_అక్క

రైల్లో పై బెర్త్ మీద పెట్టి మర్చిపోయేది ఆ రెండో సంచినే. ఒక్కటుంటే ఒక్కదాని మీదే ధ్యాస ఉంటుంది. బండి మీద వెళ్లేవాళ్లకైతే బొగ్గుబావి గారి మాట మంచిదే. బండి మీద భుజం బ్యాగ్‌లో ట్రైపాడ్ అడ్డంగా ఉంటే ఇరుకు రోడ్డులో పక్కనుంచి పోయే ఆటోకు తగులుతుంది.

---

తోరణం_కింద

అందరివీ చదివి ఒక నిర్ణయానికి వచ్చాను. పూర్తిగా కాదు, సగం.

ఉన్న 58 ట్రైపాడ్‌ను అమ్మను. భద్రకాళి బండ్‌కు ఎలాగూ స్కూటీ మీదే పోతాను, దాన్ని చాప కవర్‌లో పెట్టి ముందు కాళ్ల దగ్గర పెట్టుకుంటాను. బస్సు ప్రయాణాలకు ఒక ట్రావెల్ ట్రైపాడ్ కావాలి. మన అమ్మకాల విభాగంలో వాడినది ఒకటి ఉంది, 40 సెం.మీ., హెడ్ ఊడేది. దాన్ని అడిగాను. 55-250 ప్రతిసారీ మోయను, దాని బదులు ట్రైపాడ్ మోసినట్టు. ఈ రెంటికీ డబ్బు సర్దితే బ్యాగ్‌కు 1,500 మించి మిగలదు. కాబట్టి కొత్తవాడ దారే.

నేతన్నా, రెండు అనుమానాలు. మూతకు వెల్క్రో పెట్టాలా, బకిలా, జిప్పా? మా వీధిలో టైలర్‌కు గుడ్డ చూపిస్తే నా మెషిన్ సూది విరుగుతుంది అన్నాడు. ఎవరి దగ్గరికి వెళ్లాలి?

---

కొత్తవాడ_నేత

బట్టలు కుట్టే మెషిన్ మీద కాదు తమ్ముడూ. సీటు కవర్లు, రెక్సిన్ బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర బరువు మెషిన్ ఉంటుంది, లావు సూది, నైలాన్ దారం. అక్కడికే వెళ్లు, పట్టీ కూడా వాళ్ల దగ్గరే దొరుకుతుంది. కొలతలు కాగితం మీద గీసి ఇవ్వు, నోటితో చెప్తే ల్యాప్‌టాప్ బ్యాగ్ కుట్టి చేతిలో పెడతారు. వెళ్లేటప్పుడు ఇన్సర్ట్, ట్రైపాడ్ రెండూ పట్టుకెళ్లు.

మూతకు నా ఓటు జిప్, దాని మీద కిందికి వాలే పెద్ద మూత. జిప్ దొంగల కోసం, మూత వాన కోసం. తీసేటప్పుడు జిప్ తెరిచే ఉంచి మూత ఒక్కటే వేసి ఉంచితే చెయ్యి నేరుగా కెమెరా మీదకు పోతుంది.

---

పాత_నికాన్

వెల్క్రో వద్దు. జంపఖానా పోగులను వెల్క్రో ముళ్లు పీకేస్తాయి, ఆరు నెలల్లో మూత అంచు బొచ్చు లేస్తుంది.

జిప్ రన్నర్లు రెండు పెట్టించుకో, రెండూ ఒకవైపు కలిసేలా. రెండింటి రంధ్రాల్లోంచి చిన్న కీ రింగ్ తొడిగితే జనంలో ఎవరూ చప్పున తెరవలేరు. మేడారం జాతరకు పోయే ఉద్దేశం ఉంటే ఇది మరీ అవసరం. అక్కడ జంపన్న వాగు దగ్గర జనం తోపులాటలో బ్యాగ్ ఎటుందో నీకే తెలియదు. అక్కడికి ట్రైపాడ్ మాత్రం తీసుకుపోకు, నిలబెట్టే చోటు ఉండదు.

---

మిర్చియార్డ్

రంగు సంగతి ఎవరూ చెప్పలేదు. జంపఖానా అంటే ఎరుపు, పసుపు, నీలం చారలు. బస్సు మొత్తం నీ బ్యాగ్ వైపే చూస్తుంది.

---

కొత్తవాడ_నేత

బూడిద రంగు, గోధుమ రంగు చారలు కూడా నేస్తారన్నా. అడగాలి అంతే. మేడారం ఎర్ర దుమ్ముకు గోధుమ రంగే మేలు.

---

జగిత్యాల_అక్క

తమ్ముడూ, కుట్టించాక ఖాళీ బ్యాగ్ బరువు తూచి ఇక్కడ పెట్టు. 900 గ్రాముల లోపు వస్తే నాకూ ఒకటి కావాలి, వెడల్పు 42 కాదు, 38 చాలు. నా ట్రైపాడ్ హెడ్ విప్పితే 33. ఒకేసారి రెండు కుట్టిస్తే కూలి ఏమైనా తగ్గిస్తారేమో కూడా అడుగు.

---

తోరణం_కింద

తప్పకుండా అక్కా. శనివారం వెళ్తున్నాను, మీ కొలతలు కూడా గీసుకుని వెళ్తాను. పట్టీ పొడవు ఎంత కావాలో చెప్పండి, మెడ మీదుగా ఏటవాలుగా వేసుకుని కొలవాలి.